నేను ఈదని కాలువ

మా అమ్మాయికి నేను చెప్పిన అబద్ధాల్లో అన్నిటికన్నా పెద్దది, చిన్నప్పుడు నేను కాలువ ఈదేవాణ్ణని చెప్పడం. ముందుగా అనుకుని చెప్పింది కాదు. అమ్మాయికి ఆరేళ్లప్పుడు, న్యూజెర్సీలో మేముండే పార్సిప్పనీలో, మా టౌన్ పూల్‌లో ఈత క్లాసుకి చేర్పించాం. మొదటిరోజు కార్‌లో వెనక సీట్లో కూర్చుని ఒకటే ఏడుపు. "నాన్నా, నువ్వు లిటిల్‌గా ఉన్నప్పుడు నీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది. ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నాను. పచ్చ లైటు పడేలోగా ఏదో ఒకటి చెప్పాలి. "నాకా? నీ అంత ఉన్నప్పుడు నేను కాలవ ఈదుకుంటూ బడికెళ్లేవాణ్ణి. పుస్తకాలు నెత్తిమీద పెట్టుకుని, ఒంటిచేత్తో" అన్నాను. ఏడుపు ఆగింది, లైటు మారింది, కారు కదిలింది.

అక్కడితో ఆపి ఉంటే మర్యాదగా ఉండేది. కోతలు కోయడంలో ఉన్న చిక్కేమిటంటే, వినేవాళ్లకి నచ్చితే ఆగలేం. ఏడాదికేడాది ఆ కాలువ వెడల్పు పెరిగింది. అమ్మాయి మూడో తరగతికి వచ్చేసరికి అందులో నీటిపాములు చేరాయి. స్కూల్ స్విమ్ టీమ్‌లోకి వచ్చేసరికి, లాకులు ఎత్తిన రోజు ఎదురీది ఒక గేదెదూడని గట్టుకి చేర్చిన ఘట్టం కూడా కలిసింది. ఆ దూడకి పేరు కూడా పెట్టాను.

అసలు సంగతి ఇది. విజయవాడలో మా ఇల్లు కాలువగట్టు మీదే. ఈదింది మా అన్నయ్య. నేను గట్టున మెట్లమీద కూర్చుని వాడి చొక్కాకీ వాడి స్నేహితుల చొక్కాలకీ కాపలా కాసేవాణ్ణి. తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి పాచిపట్టిన మెట్టుమీద కాలు జారితే అన్నయ్య జుట్టు పట్టుకుని లాగాడు. ఆ తర్వాత బకెట్టు కన్నా లోతైన నీళ్ల జోలికి పోలేదు.

మా ఆవిడది వరంగల్. పెళ్లైన కొత్తలో ఏదో బలహీన క్షణంలో నిజం చెప్పేశాను కాబట్టి ఆమెకి అంతా తెలుసు. అయినా ఎప్పుడూ బయటపెట్టలేదు. నేను కాలువ కథ మొదలుపెట్టగానే లేచి వంటింట్లోకి వెళ్లి, నవ్వుకోవడం అయ్యాక వచ్చేది.

మరి అంత ఈతగాడివి పూల్‌లో ఎందుకు దిగవని అమ్మాయి అడక్కుండా ఉంటుందా? అడిగింది. "క్లోరిన్ నాకు పడదు" అన్నాను. జెర్సీ బీచ్‌లో అడిగితే, ఉప్పునీళ్లు కళ్లు మండిస్తాయన్నాను. చెరువు దగ్గర అడిగితే, "ఇవి నిలవ నీళ్లమ్మా. పారే నీళ్లలో ఈదినవాడికి ఇవి ఆనవు" అన్నాను. పదకొండేళ్లు ఇలా లాక్కొచ్చాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగంలో ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పనీ ఇదే కాబట్టి నాకు అలవాటే. ఇవాళ్టి సమస్యని రేపటికి నెట్టగలిగితే ఇవాళ గెలిచినట్టే.

ఈ మార్చిలో అమ్మాయికి కోరుకున్న కాలేజీలో సీటు వచ్చింది. ఏం కావాలో అడగమన్నాం. ఫోనో, లాప్‌టాపో అడుగుతుందనుకున్నాను. రెండు రోజులు టైమ్ తీసుకుని, హాల్లో మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, టీవీలో ప్రెజెంటేషన్ పెట్టింది. హవాయి. పెద్ద దీవి. అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి మధ్య నీలం రంగు మడుగు, దానిలోకి దూకే రెండు జలపాతాలు. తర్వాతి స్లైడ్‌లో పెద్ద అక్షరాలు. నో క్లోరిన్. నో సాల్ట్, ఆల్మోస్ట్. ఫ్లోయింగ్ వాటర్.

"నాన్నా, ఇట్ టుక్ మీ ఎ లాంగ్ టైమ్. నీకు సరిపోయే నీళ్లు దొరికాయి" అంది.

మా ఆవిడ వంటింట్లోకి పోకుండా అక్కడే కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, "మంచిగున్నది బిడ్డా, బుక్ చెయ్యి" అంది.

ఏప్రిల్ సెలవుల్లో వెళ్లాం. నెవార్క్ నుంచి పదకొండు గంటలు, ఆపైన ఇంకో చిన్న విమానం. ఆ దీవిలో మేం దిగిన వైపు రోజూ వాన పడుతుందని చదివి ఉన్నాను. నా ఆశంతా ఆ వానమీదే. తెల్లవారి కర్టెన్ తీసి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మా ఆవిడ పులిహోర డబ్బాలో సర్దుతోంది. ఎక్కడికెళ్లినా ఆమె మొదట సర్దేది అదే.

జీప్‌లో వెళ్తుండగా అమ్మాయి ముందు సీట్లోకి వంగి అంది, "నాన్నా, నా కాలేజ్ ఎస్సే నీకు చూపించలేదు కదా. సర్‌ప్రైజ్ అని దాచాను. ఇట్స్ అబౌట్ యూ."

"నా గురించా? నా గురించి ఏముందమ్మా రాయడానికి?"

"నీ కాలవ."

దారి వంపులో ఉంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. సీటుకోసం అప్లికేషన్‌తో పంపిన ఆ వ్యాసంలో ఏముందో అది చెప్పుకుంటూ పోయింది. పుస్తకాలు నెత్తిమీద పెట్టుకుని కాలువ ఈది బడికెళ్లిన తండ్రి, అమెరికాలో పుట్టి పూల్‌లో గోడ పట్టుకుని వేలాడిన కూతురు, నాన్న దాటాడు కాబట్టి నేనూ దాటగలనని ఆ గోడ వదిలిన రోజు. స్కూల్లో కౌన్సెలర్ చదివి కళ్లు తుడుచుకుందట. చివరి పేరాలో, మా నాన్న ఈదడం నేను ఒక్కసారి కూడా చూడలేదు, ఎప్పటికైనా ఆయన పక్కన ఈదాలని ఉంది అని రాసిందట.

"సో, టుడే ఈజ్ ద డే" అని నా భుజం తట్టి వెనక్కి వాలింది.

అద్దంలో మా ఆవిడ కళ్లు కనిపించాయి. పదకొండేళ్లలో మొదటిసారి ఆ కళ్లలో నవ్వు లేదు. ఇంతకాలం ఇది ఇంట్లో తిరిగే కథే కదా అనుకున్నాను. ఇప్పుడది నా కూతురి పేరుతో, సంతకంతో ఒక కాలేజీ ఆఫీస్‌లో కూర్చుని ఉంది.

మడుగు దగ్గర పార్కింగ్ చూసుకునే ఆమె కొబ్బరిబోండాలు కూడా అమ్ముతోంది. నన్ను అంకుల్ అనీ, మా ఆవిణ్ణి ఆంటీ అనీ పిలిచింది. ఆ దీవిలో పెద్దవాళ్లని అందరూ అలాగే పిలుస్తారట. మా ఆవిడ తెగ మురిసిపోయి, "చూస్తుండ్రా, వీళ్లు మనోళ్లే" అంది. రాళ్లు జారతాయి, జాగ్రత్త అంకుల్, ఏటి నీళ్లు మట్టిరంగుకి తిరిగితే వెంటనే బయటికి వచ్చెయ్యండి, పైన వాన పడ్డట్టు గుర్తు, అని ఆమె చెప్పింది. తర్వాత గంటసేపు నేను ఆ నీళ్ల రంగు చూసినంత శ్రద్ధగా ఏ సర్వర్ లాగ్సూ చూడలేదు.

నీళ్లు మట్టిరంగుకి తిరగలేదు. నిజానికి అలాంటి నీళ్లు నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ కాలిన పెనంలాంటి నల్లరాయి, ఒకవైపు రాతిగోడ అవతల సముద్రం మొత్తుకుంటోంది, ఇటువైపు పచ్చటి గుట్టమీంచి రెండు జలపాతాలు పక్కపక్కనే పడుతున్నాయి. మధ్యలో మడుగు. "ఎవరో నీలిమందు డబ్బా ఒలకబోసినట్టున్నది" అంది మా ఆవిడ. నా భయం కూడా రెండు నిమిషాలు నన్ను వదిలేసి అటే చూసింది.

"రెడీ?" అంది అమ్మాయి.

"ముందు ఏదైనా తిందాం" అన్నాను.

పులిహోర తిన్నాం. రెండోసారి పెట్టించుకున్నాను. మూడోసారి కూడా పెట్టించుకుని, తిన్నాక గంటదాకా నీళ్లలో దిగకూడదని గుర్తు చేశాను. తన స్విమ్ కోచ్ అలా ఎప్పుడూ చెప్పలేదని అమ్మాయి గొణిగి, ఫోన్‌లో టైమర్ పెట్టింది. టైమర్ పెడుతుందని నేననుకోలేదు. ఆ గంటలో మా ఆవిడ నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి, "ఎన్ని దినాలు దాస్తరు? ఇయ్యాలన్న చెప్పుండ్రి" అంది. "చూద్దాం" అన్నాను. "ఏం చూస్తరు? పిల్ల ఎస్సే రాసింది మీమీద." నేను జలపాతంవైపు చూస్తూ కూర్చున్నాను.

నిజానికి నేను ఊరికే కూర్చోలేదు, ఒక ఉపాయం ఆలోచిస్తున్నాను. మా కాలువ నీళ్లలో మోకాలి లోతున నిలబడినా పాదం కనిపించదు. అంత బురద. ఇక్కడేమో అడుగున ఉన్న గులకరాళ్లు కూడా లెక్కపెట్టవచ్చు. అడుగు కనిపిస్తోందంటే లోతు లేనట్టే కదా. మెడదాకా దిగి, కాళ్లు కింద ఆనించి నడుస్తూ, పైన చేతులు ఈతలా ఆడిస్తే సరి. దూరంగా ఉన్నవాళ్లకి ఏం తెలుస్తుంది? నలభై తొమ్మిదేళ్లు వచ్చి, ఇంజనీరింగ్ చదివి, నేను వేసిన లెక్క అది.

టైమర్ మోగింది. అమ్మాయి ఒక్క ఊపులో దూకి, పది బారల్లో జలపాతం దగ్గరికి చేరి, నురగలో తల పైకెత్తి, "కమ్ నాన్నా" అని చెయ్యి ఊపింది. నేను మొలలోతు దాకా దిగాను. నీళ్లు మంచులా ఉన్నాయి. మెడ దాకా వంగాను. కాళ్లతో నడుస్తూ చేతులు ఆడించాను. ఒకటి, రెండు, మూడు.

"నాన్నా, వావ్. యూ ఆర్ డూయింగ్ ఇట్" అంది. దాని మొహం వెలిగిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ సంతోషమేసింది. ఇంకో రెండు బారలు వేశాను.

ఆరో అడుగుకి కింద రాయి లేదు.

ఆ గులకరాళ్లు అక్కడే ఉన్నాయి, అలాగే కనిపిస్తున్నాయి, కానీ నాకు రెండు నిలువుల కింద ఉన్నాయి. ముక్కులోకి, నోట్లోకి, చెవుల్లోకి నీళ్లు. పైకి ఏదో, కిందికి ఏదో తెలియలేదు. చేతికి ఒక రాతి అంచు తగిలితే పట్టుకున్నాను, జారింది, మళ్లీ పట్టుకున్నాను. అంతలో వెనకనుంచి ఒక చెయ్యి నా చంక కిందుగా వచ్చి ఛాతీని చుట్టేసింది. అమ్మాయి వేసవిలో మా టౌన్ పూల్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేస్తుంది. నన్ను వెల్లకిలా లాక్కొచ్చి నడుంలోతు నీళ్లలో నిలబెట్టింది. దగ్గీ దగ్గీ ఊపిరి పీల్చుకుని చూస్తే దాని పెదాలు తెల్లబడి ఉన్నాయి. నా మణికట్టు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి.

"క్రాంప్ వచ్చిందా నాన్నా?" అంది. "కోల్డ్ వాటర్ కదా. ఇట్ హ్యాపెన్స్. గుడ్ స్విమ్మర్స్‌కి కూడా వస్తుంది."

నాకు తలుపు బార్లా తీసిపెట్టింది. ఔను, కండరం పట్టేసిందంటే అయిపోయేది. కాలువ, పాములు, దూడ, ఎస్సే అన్నీ చెక్కుచెదరకుండా ఇంటికి తిరిగొచ్చేవి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వేళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"లేదమ్మా. నాకు ఈత రాదు" అన్నాను.

మొదట నవ్వింది. తర్వాత ఆగింది. "బట్, కాలవ?"

"కాలవ నిజం. ఈదింది మీ పెదనాన్న. నేను గట్టున కూర్చునేవాణ్ణి."

"పాములు?"

"ఒకటి చూశాను. అది కూడా పామో తాడో తెలీదు."

"బుక్స్? నెత్తిమీద బుక్స్ పెట్టుకుని స్కూల్‌కి వెళ్లడం?"

ఇక దాచి లాభం లేదు. "బడి కాలవకి ఇవతలే ఉండేది" అన్నాను.

ఇంకెవరికైనా చెబితే పడిపడి నవ్వుతారు. నేనూ ఇప్పుడు నవ్వగలుగుతున్నాను. ఆ రోజు అది నవ్వలేదు. నా మణికట్టు వదిలేసింది. "ఐ సైన్డ్ మై నేమ్, నాన్నా. ఎవ్రీథింగ్ ఈజ్ ట్రూ అని సైన్ చేశాను" అంది. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి మడుగులోకి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

గట్టెక్కి మా ఆవిడ పక్కన కూలబడ్డాను. ఆమె తువ్వాలు కప్పింది. దెప్పుతుందని ఎదురుచూశాను, దెప్పలేదు. అమ్మాయి జలపాతం కింద రాతిమీద, మాకు వీపు పెట్టి, తలమీద నీళ్లు పడనిస్తూ నిలబడి ఉంది. "పిల్ల ఏడుస్తున్నది" అంది మా ఆవిడ. "నీళ్లల్ల ఉంటే మనకు తెల్వదనుకుంటున్నది."

దాని ఏడుపు ఆపడానికి మొదలుపెట్టిన కథ ఇది.

చాలాసేపటికి వచ్చి, నాకు కొంచెం ఎడంగా, రాయిమీద కూర్చుంది. జుట్టు పిండుకుంది. "కాలేజ్‌కి ఈమెయిల్ పంపాలి" అంది.

"ఎందుకమ్మా? వాళ్లెవరూ అడగలేదు కదా. సీటు వచ్చేసింది, ఇప్పుడెందుకు కెలకడం?" అనేశాను. ఇరవయ్యేళ్ల ఉద్యోగం మాట్లాడింది. అది నన్ను ఊరికే చూసింది.

"ఇంకా ఏం అబద్ధాలు చెప్పావ్ నాకు?"

వేళ్లు మడుస్తూ చెప్పాను. చదరంగంలో జిల్లాలో రెండో స్థానం అన్నది మా వీధిలో రెండో స్థానం. అసలు మా వీధిలో ఆడేవాళ్లే ముగ్గురు. పదో తరగతిలో లెక్కల్లో నూటికి నూరు అన్నది...

"ఆగుండ్రి, ఆగుండ్రి" అని మా ఆవిడ ముందుకి జరిగింది. "చదరంగం ముచ్చట నాకు గూడ చెప్పిండ్రు గదా. పెళ్లిచూపులల్ల."

అమ్మాయి అమ్మవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. పెదవి చివర ఏదో కదిలింది కానీ నవ్వుదాకా రానివ్వలేదు. లేచి నిలబడి, "దిగు" అంది.

"ఎక్కడికి?"

"నీళ్లలోకి. నడుం దాకానే. నేను పట్టుకుంటా."

నేను అడిగి ఉంటే ఆ రోజు అది ఒప్పుకునేది కాదు. తనంతట తానే అంది కాబట్టి మారుమాట్లాడకుండా దిగాను. ఇంకా కోపంగానే ఉందని గొంతులో తెలుస్తోంది. పూల్‌లో చిన్నపిల్లలకి నేర్పే గొంతు కూడా అదే అనుకుంటాను. నా మెడ కింద ఒక అరచెయ్యి, నడుం కింద ఒక అరచెయ్యి పెట్టింది. "మెడ లూజ్ చెయ్. లూజ్ నాన్నా. పొట్ట పైకి. ఊపిరి ఆపకు." మూడుసార్లు ఇనప బీరువాలా మునిగాను. నాలుగోసారి పైన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, చెవుల్లో జలపాతం ఎక్కడో దూరంగా వినిపించింది, తల తిప్పి చూస్తే దాని రెండు చేతులూ నీళ్లపైన ఉన్నాయి. మూడు సెకన్లు తేలాను. మా ఆవిడ రెండే అంటుంది.

ఆ కాలేజీ నుంచి వారం తర్వాత జవాబు వచ్చింది. తెలియజేసినందుకు ధన్యవాదాలు, మీరు నమ్మింది రాశారు, సీటుకి ఏ ఇబ్బందీ లేదు, అని మర్యాదగా నాలుగు ముక్కలు. కానీ ఆ మధ్యాహ్నం మాకు ఆ సంగతి తెలియదు. పార్కింగ్ దగ్గర ఫోన్‌కి సిగ్నల్ రాగానే, జీప్‌లో తడిబట్టలతో కూర్చుని అమ్మాయి ఈమెయిల్ రాయడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు అది పడ్డ కష్టం కళ్లముందు తిరిగింది. ఆపమనాలని ఉంది. ఆపలేదు.

రాయడం అయ్యాక ఫోన్ నా చేతికిచ్చి చదవమంది. ఎస్సేలో నేను రాసిన కాలువ కథ నిజం కాదని ఈరోజే తెలిసింది. ఈదింది మా పెదనాన్న. మా నాన్నకి ఈత రాదు, ఇప్పుడు నేర్చుకుంటున్నారు. ఇంగ్లీషులో అంతే ఉంది. ఎక్కడా నన్ను తప్పుపట్టలేదు. పైగా ఆ చివరి ముక్క చేర్చి నా పరువు కొంత నిలబెట్టింది.

"ఓకేనా?" అంది.

ఓకే అనబోయాను. ప్రామిస్ కూడా చేద్దామనుకున్నాను. ఇంటికెళ్లగానే క్లాసులో చేరతాను, వేసవి అయ్యేసరికి నీతో సమానంగా ఈదుతాను అని మాటలు అప్పుడే నాలుకమీద వరస కట్టాయి. నాకు నామీదే భయమేసింది.

"ఆ నేర్చుకుంటున్నారన్నది తీసెయ్యి తల్లీ" అన్నాను. "మూడు సెకన్లే కదా. నేర్చుకున్నాక రాద్దువుగాని."

అది ఫోన్ తీసుకుంది. తర్వాత బొటనవేలితో ఆ ముక్క తుడిచేసి, మా నాన్నకి ఈత రాదు అన్నదగ్గర చుక్క పెట్టి, పంపేసింది. ముందు సీట్లోకి వంగి, తడిజుట్టుతో, నా భుజంమీద గడ్డం ఆనించి కూర్చుంది. "ఇది నేను నమ్ముతా నాన్నా" అంది.